కన్నీరు కారు కన్ను ఎండునా?



మా పాఠశాలలో చదివి యిప్పుడు అమెరికాలోని న్యూజెర్సీలో ఉద్యోగము చేయుచున్న యొకని తల్లి, గడచిన చలికాలమున కొడుకింటికి వెళ్లి మూడు మాసములుండెను. వెళ్లిన పక్షము దినములకే ఆమె కన్నులు ఇసుక పడినట్లు గరగరలాడసాగెను. సాయంకాలమునకు మంట. సూదిలో దారమెక్కింపబోగా చూపు మసకబారి, రెప్ప కొట్టగానే తేటపడెడిది. వీధిలోనికి పోయి గాలి తగిలినంతనే కన్నీరు ధారగా కారెడిది. వైద్యుడు పరీక్షించి కన్నులు ఎండియున్నవని చెప్పెను. ఆమె నమ్మలేదు. "చెంపలు తడిసిపోవుచుండగా కన్ను ఎండుట యేమిరా?" అని కొడుకుతో వాదించి, తీరక మాకు జాబు వ్రాసెను. ఆమె ప్రశ్న తెలివిగలది. ఈ మాసపు పుటను దానికే యుంచితిమి.

కన్నీరు ఉత్త నీరు కాదు. కనుగుడ్డు నంటియుండునది జిగటపొర. అది నీటిని గ్రుడ్డుమీద పరచి నిలుపును. దానిపై నీటిపొర, ఇది ముఖ్యముగా కంటికి పైన వెలుపలి మూలనున్న గ్రంథినుండి వచ్చును. అన్నిటికిని పైన మిక్కిలి పలుచనైన నూనెపొర. ఈ నూనెను రెప్పల అంచులలో వరుసగా నున్న సన్నని గ్రంథులు స్రవించును. పైరెప్పలో ఇంచుమించు 30, క్రిందిరెప్పలో 20కి పైగా నుండును. 1666వ సంవత్సరమున వీనిని వర్ణించిన జర్మను వైద్యుడు మైబోము పేరనే యివి నేటికిని పిలువబడుచున్నవి. ప్రమిదలో నీరు పోసి పైన నూనె వేసినచో, నూనె తేలియున్నంతవరకు క్రింది నీరు ఆవిరి కాదు గదా. కంటియందును అంతే.

ఆ గ్రంథుల నోళ్లు మూసికొని నూనె వెన్నవలె గడ్డకట్టినప్పుడు నీరు త్వరగా ఎగిరిపోవును. కన్ను ఎండి మండును. ఆ బాధ నరములద్వారా తెలియగానే పెద్ద గ్రంథి ఒక్కుమ్మడిగా నీటిని క్రుమ్మరించును. పైని నూనె లేనందున ఆ నీరు నిలువదు. బీటలు వారిన చేనిమీద గాలివాన నీరు పారిపోయినట్లు చెంపమీదికి జారిపోవును. కాబట్టి ఆ తల్లి కన్నీరు ఎండుటకు విరోధము కాదు, దాని గురుతే. అయితే కన్నీరు ముక్కులోనికి దిగు దారి మూసికొన్నను కన్ను కారును. అందుచేత ఊహతో సరిపెట్టుకొనక పరీక్ష చేయించుకొనవలెను.

ఆమెకు స్వగ్రామమున లేని బాధ అక్కడ నేల కలిగెను? చలిగాలిలో తేమ స్వల్పము. ఆ గాలినే యింటిలోనికి తెచ్చి వేడిచేసినచో, వేడికి తగిన తేమ దానిలో లేక, అది దొరికినచోటినుండి తేమను పీల్చును. పెదవులు పగులును, చర్మము తెల్లబారును, కన్ను ఎండును. పైగా ఆమె మంచము వేడిగాలి వచ్చు బెజ్జమునకు ఎదురుగా నుండెను. కొడుకునకును కొంచెము మంటయున్నదట. అతని కారణము కంప్యూటరు. మనము సామాన్యముగా నిమిషమునకు 15 మారులకు తక్కువ కాకుండ రెప్ప వేయుదుము. తెరను తదేకముగా చూచునప్పుడు అది సగమునకును తక్కువగును. రెప్ప పడినప్పుడే నూనె కంటిమీద పరచుకొనును. వయస్సు, స్త్రీలకు ముట్టు ఆగుట, జలుబునకును దురదకును వాడు కొన్ని మాత్రలు, మధుమేహము, కంటిలోపల పెట్టుకొను అద్దములు, ఇవియు కారణములే. కన్నుతోపాటు నోరుకూడ ఎండి కీళ్లు నొచ్చుచున్నచో వైద్యునితో తప్పక చెప్పవలెను. 1933లో స్వీడను వైద్యుడు షోగ్రెను విశదముగా వర్ణించిన వ్యాధి యట్టిది. అది కంటితో నాగునది కాదు.

పరీక్షలు సులువైనవి. 1903లో షిర్మెరు అను జర్మను వైద్యుడు తెలిపిన విధమున, సన్నని కాగితపు ముక్క కొనను క్రిందిరెప్పలో నుంచి 5 నిమిషములు చూతురు. 5 మిల్లీమీటర్లయినను తడవనిచో నీరు మిక్కిలి తక్కువయని యర్థము. పచ్చని రంగుమందు వేసి, రెప్ప వేయక చూచుచుండగా కన్నీటిపొర యెన్ని క్షణములకు చెదరునో లెక్కింతురు.

చికిత్సలో మొదటిది వేడినీట పిండిన శుభ్రమైన గుడ్డ. కన్నులు మూసికొని ఓర్చుకొనదగిన వేడితో 5 మొదలు 10 నిమిషములు కాపి, రెప్ప అంచును మెల్లగా నొత్తవలెను. గడ్డకట్టిన నూనె కరగును. ఇది ఒకనాటితో గుణమిచ్చునది కాదు, వారములు పట్టును. తరువాత కృత్రిమ కన్నీటి చుక్కలు. వానికి లొంగనిచో మంటను అణచు మందులున్నవి: అమెరికాలో సైక్లోస్పోరిను చుక్కలకు 2002లోను, లిఫిటెగ్రాస్టునకు 2016లోను అనుమతి లభించెను, కన్నీటిని ఆవిరి కానీయని మందొకటి 2023లో వచ్చెను. చేపనూనె గుళికలమాట పలువురడుగుదురు. అమెరికాలో 535 మందిపై ఏడాదిపాటు దినమునకు 3 గ్రాముల చొప్పున పరీక్షించి 2018లో ఫలితమును ప్రకటించిరి: ఆలివునూనె మ్రింగినవారికంటె చేపనూనె మ్రింగినవారికి అధికలాభము కలుగలేదు. అమ్మువారికి ఈ మాట రుచింపదు గాని, గుళికలకు పెట్టు డబ్బుతో చేపనే కొని వండుకొనుట మేలని మాకు తోచుచున్నది.

ఇక మమ్మును కలవరపరచిన సంగతి. కృత్రిమ కన్నీటిని అమెరికాలో చీటీ లేకయే అంగడిలో కొనవచ్చును. 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసంస్థయగు సి.డి.సి., ఒక తరహా చుక్కలను వెంటనే మానుడని హెచ్చరించెను; ఫిబ్రవరిలో ఆ సీసాలను అంగళ్లనుండి వెనుకకు తీసికొనిరి. పెక్కు మందులకు లొంగని స్యూడోమోనాసు అను సూక్ష్మజీవి రోగులయందును, తెరచిన సీసాలయందును కనబడెను. ఆ యేడు మే మాసము నాటికి 18 రాష్ట్రములలో 81 మందికి అది సోకినట్లు తేలెను. 14 మందికి చూపు పోయెను. నలుగురికి కనుగుడ్డునే తీసివేయవలసివచ్చెను. నలుగురు మరణించిరి. ఆ చుక్కలు తయారైనది మన చెన్నపట్టణపు సమీపమున. పలుమారులు తెరచి మూయు సీసాలో మందు చెడకుండ చేర్చవలసిన పదార్థము తగినంత లేదనియు, సూక్ష్మజీవుల పరీక్ష సరిగా జరుగలేదనియు ఔషధాధికారులు తప్పుపట్టిరి. మంట తగ్గునని వేసికొన్న చుక్కయే కన్ను తీసెను. ఇది చదివి మేము చాలసేపు మాటలాడలేకపోతిమి.

ఇందువలన చుక్కలన్నియు మానవలెనని చెప్పము. వైద్యుడు చెప్పిన దానినే, మూత చెదరని సీసాను, గడువుతేది చూచి కొనుడు. ఒక్కమారు వాడి పారవేయు చిన్న గొట్టములలోని మందును మరునాటికి దాచవద్దు. చేతులు సబ్బుతో కడిగికొనుడు. సీసా మొన రెప్పకుగాని వెండ్రుకకుగాని తగులనీయకుడు. ఇంటిల్లిపాదికి ఒకే సీసా పనికిరాదు. కంటి యెరుపును క్షణములో తెల్లగా చేయు చుక్కలు వేరు. అవి నెత్తురునాళములను బిగించును గాని ఎండుటను మాన్పవు, ఎక్కువగా వాడిన ఎరుపు తిరిగి వచ్చును. నందివర్ధనపు పూరసము, తల్లిపాలు, ఆముదము కంట పోయుట మన పెద్దల వాడుక. వారి ప్రేమను కాదనము గాని, సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేయని దేదియు కంటిలోనికి పోరాదు. కన్ను తీవ్రముగా నొచ్చినను, వెలుతురును చూడలేకపోయినను, చూపు తగ్గినను, నల్లగుడ్డుమీద తెల్లమచ్చ కనబడినను, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. చిన్నబిడ్డల కన్ను ఎండి, మునిమాపున దారి తడుముకొనుచున్నచో అది రేచీకటి. 'ఏ' విటమిను లోపమువలన కలుగును. ఆలస్యము చేసిన చూపు పోవును.

ఆ తల్లి మంచమును బెజ్జమునకు దూరముగా జరిపిరి. వేడిగుడ్డ కాపడము రెండుపూటల సాగినది. రెండవ జాబులో ఆమె, సూదిలో దారమెక్కుచున్నదనియు, కొడుకు మాత్రము తెరముందు రెప్ప వేయుట యింకను మరచుచున్నాడనియు వ్రాసెను.