మాతృభాష గడిలో ఏం రాస్తున్నారు?

గంజాం జిల్లాలో ఏ హెడ్మాష్టారును పలకరించినా రెండో మాటకే యూడైస్ అనే ప్రభుత్వ బడి లెక్కల నమోదు ప్రస్తావన వస్తుంది. బడిలో గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, కరెంటు ఉందా అన్నీ ఏటా అందులో ఎక్కించాలి. మొదట్లో కాగితం ఫారం నింపి పంపితే పై ఆఫీసులో ఎవరో కంప్యూటర్‌లో కొట్టుకునేవారు. 2018-19లో యూడైస్ ప్లస్ వచ్చాక ఆ పని బడి మీదికే వచ్చింది. 2022-23 నుంచి బడి మొత్తం లెక్క ఇస్తే చాలదు, ఒక్కో పిల్ల వివరం విడివిడిగా ఇవ్వాలి. పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు, ఆధార్, సామాజిక వర్గం... ఆ వరుసలోనే ఇంకో గడి ఉంటుంది. పిల్ల మాతృభాష ఏమిటి? పక్కనే భాషల జాబితా, వేలితో ఒక్క నొక్కు.

బరంపురం ప్రాంతపు తెలుగువాళ్లకు ఆ పోర్టల్ మొత్తంలో అన్నిటికంటే విలువైన గడి అదేనని నా అభిప్రాయం. మనం దాన్ని పట్టించుకోవడం లేదు.

ఎందుకంత విలువో చెప్తాను. గోపాలపురం నుంచి దక్షిణంగా ఆంధ్ర సరిహద్దు దాకా సముద్రపు ఒడ్డున ఉన్న జాలరి పల్లెల్లో, ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన వాడబలిజలూ జాలరులూ ఇంట్లోనూ, వేటలోనూ, ఒడ్డున చేపల పాట పాడేటప్పుడూ మాట్లాడేది తెలుగే. ఆ పిల్లల్లో చాలామంది వెళ్లేది ఊళ్లో ఉన్న ఒడియా బడికి. బరంపురం పట్టణం సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశాలో కలిపేనాటికే ఇక్కడ తెలుగు చదువు వేళ్లూనుకుని ఉంది. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో పుట్టిన ఊరిది. నేటికీ తెలుగు మీడియం నడుస్తోంది, కటక్‌లోని మాధ్యమిక విద్యా బోర్డు పదో తరగతి పరీక్షలో మొదటి భాషగా తెలుగు రాసుకునే వీలుంది. పట్నంలో తెలుగు మీడియం బడి ఉంది కాబట్టి ఆ పిల్లలు కనీసం ‘బోధనా మాధ్యమం’ అనే కాలమ్‌లోనైనా కనిపిస్తారు. ఒడ్డు పిల్లలు కనిపించేది మాతృభాష గడిలో మాత్రమే.

గడువు దగ్గర పడింది, సర్వర్ నత్తనడక నడుస్తోంది, క్లస్టర్ వాళ్లు వాట్సాప్‌లో ‘పెండింగ్ బడుల’ జాబితా పెట్టారు. అలాంటప్పుడు తరగతిలో నలభై మందికీ ఒకే భాష నొక్కేయడం ఎంత తేలికో ఎంట్రీ పని చేసిన ఎవరినడిగినా చెప్తారు. ఆ మాష్టారికి దురుద్దేశం ఏమీ ఉండదు. ఒడియా బడి కదా, ఒడియా అనుకుంటాడు. కానీ ఆ ఒక్క నొక్కుతో నలభై మంది తెలుగు పిల్లలు ప్రభుత్వం దృష్టిలో లేకుండా పోతారు. రేపు తెలుగు పుస్తకాలు కావాలని, తెలుగు టీచరు పోస్టు నింపమని అడిగితే ‘మీ దగ్గర పిల్లలేరీ’ అని అడుగుతారు. అడిగినవాళ్ల తప్పు కూడా కాదది. లెక్క అలాగే ఉంది మరి.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడం ప్రతి రాష్ట్రం బాధ్యత అని అందులో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. హక్కు ఉంది, విధానం ఉంది. ఎంతమందికి అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఏటా మన చేతుల మీదుగానే పోర్టల్‌లోకి వెళ్తోంది. జనగణన పదేళ్లకోసారి. ఈ లెక్క ప్రతి ఏడూ.

ఇదంతా రాస్తున్నానని ఆన్‌లైన్ పద్ధతులంటే నాకు గిట్టదనుకోవద్దు. ఒడిశాలో ప్లస్ టూ ప్రవేశాలు 2009లో శామ్స్ అనే పోర్టల్ ద్వారా ఆన్‌లైన్ బాట పట్టాక పిల్లలకు కాలేజీ కాలేజీకీ తిరిగి ఫారాలు కొనే పని తప్పింది. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వలస వెళ్లేవారు లక్షల్లో ఉన్నారు. తీరం వాళ్లు చెన్నై, మంగళూరు రేవులకు వెళ్తారు. అలాంటి ఇంటి పిల్లకు ఎక్కడికెళ్లినా మారని శాశ్వత విద్యా సంఖ్య ఒకటి ఉంటే, టీసీ పోయిందని బడి బయట నిలబెట్టే అవస్థ తగ్గుతుంది. అది చిన్న మేలు కాదు.

అయితే ఆ సంఖ్య చేతికి రావడానికి ఒక్కోచోట ఎంత గడ్డుగా ఉంటుందో చూడండి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. బడి రిజిస్టరులో ‘కె. అప్పన్న’ అని ఉంటుంది. ఆధార్‌లో ఆ ‘కె’ విడదీసి వెనక్కి వెళ్లి ఉండొచ్చు, అసలు ఎగిరిపోయి ఉండొచ్చు, దాని స్థానంలో కులం పేరు చేరి ఉండొచ్చు. ‘అపార్’ అనే ఆ పన్నెండంకెల సంఖ్య రావాలంటే బడిలో పేరూ ఆధార్‌లో పేరూ కలవాలి. కలవకపోతే తల్లి ఆ రోజు చేపల గంప దించి, పిల్లను వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లాలి.  ఇంటిపేరు ముందుండే జాతి ఒకటుందన్న ఆలోచన ఈ పద్ధతి పెట్టినవాళ్లకు వచ్చినట్టు లేదు. దీన్ని సరిదిద్దే మార్గం బడి స్థాయిలోనే ఉండాలి. హెడ్మాష్టారి సంతకం, తల్లి వేలిముద్ర చాలవా?

టీచర్ల వైపు నుంచీ ఒక మాట. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుతో సంబంధం లేని మరే పనికీ టీచర్లను వాడకూడదు. పోర్టల్ పని చదువుతో సంబంధం ఉన్నదేనని అధికారులు వాదించవచ్చు. మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారో రోజూ పంపాలి, హాజరు పంపాలి, ఏడాదికోసారి యూడైస్, మధ్యలో అపార్, బ్యాంకు ఖాతాల అనుసంధానం. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు ఫోన్ పట్టుకుంటే రెండు తరగతుల పిల్లలు రెండోవారి మీద పడతారు. ఒకసారి ఇచ్చిన వివరాన్ని మళ్లీ ఇంకో చోట అడగకుండా ఉంటే అందులో సగం భారం పోతుంది. క్లస్టరుకొక ఎంట్రీ ఆపరేటరును ఇస్తే మిగతాదీ పోతుంది.

పైకి వెళ్లే వివరం ఇంత ఉంది. కిందికి వచ్చే పాఠం సంగతి చూద్దాం.

2020 మార్చిలో బడులు మూసేశాక ఒడిశా ప్రభుత్వం ఏప్రిల్‌లో ‘శిక్షా సంజోగ్’ పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో పాఠాలు పంపడం మొదలుపెట్టింది. 60 లక్షల మంది పిల్లల్లో 22 లక్షల మందికే ఆన్‌లైన్ చదువు అందుతోందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇంటికో ఫోన్ ఉన్నా అది నాన్న జేబులో సూరత్‌లో ఉండేది. అందుకే ఆ సెప్టెంబరు చివర్లో ఆకాశవాణిలో ‘రేడియో పాఠశాల’ పెట్టారు. మంచి పనే. కానీ ఇంట్లో తెలుగు తప్ప వినని ఒకటో తరగతి పిల్లకు ఒడియా రేడియో పాఠం ఎంత ఎక్కుతుంది? బడిలో అయితే టీచరు ముఖం చూసి, చేతి సైగ చూసి, పక్క పిల్లను అడిగి అర్థం చేసుకుంటుంది. రేడియోకి ముఖం లేదు. చిన్న తరగతులు 2022 ఫిబ్రవరి దాకా తెరుచుకోలేదు. రెండేళ్లు. 2020లో ఒకటిలో చేరిన పిల్ల అక్షరం చేతబట్టకుండానే మూడు ముంగిట్లోకి వచ్చింది.

అదే కాలంలో సరిహద్దుకు అవతల సప్తగిరి చానల్లో తెలుగు పాఠాలు వచ్చాయి. ఇచ్ఛాపురం బరంపురానికి ఎంత దూరమని? టీవీ తరంగాలకు రాష్ట్రం ఎల్లలు లేవు. కానీ బోర్డు వేరు, పుస్తకం వేరు, పరీక్ష వేరు. ఆ పాఠాల్లో మన పిల్లలకు ఏవి పనికొస్తాయో ఏరి చెప్పే మనిషి కావాలి.

ఈ రోజుకీ కావలసింది ఆ మనిషే. కేంద్రం 2017 సెప్టెంబరు 5న తెచ్చిన దీక్షా వేదికలో తెలుగు పాఠాలు బోలెడు ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్ చూపిస్తే పాఠం తెరుచుకుంటుంది. గోపాలపురంలో ఉన్న పిల్ల కూడా యాప్‌లో బోర్డు దగ్గర ఆంధ్రప్రదేశ్, మాధ్యమం దగ్గర తెలుగు ఎంచుకుంటే పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. భిన్నాలు ఏ బోర్డులోనైనా భిన్నాలే. కిరణజన్య సంయోగక్రియ ఏ రాష్ట్రంలోనైనా ఆకులోనే జరుగుతుంది. చరిత్ర, భూగోళం దగ్గర మాత్రం ఒడిశా పాఠం ఒడిశాదే ఉండాలి. ఇక్కడి పిల్లకు మహానది, చిలికా, మధుసూదన్ దాస్ తెలియాలి, అవి తెలుగులో తయారుచేయాల్సిందే. ఒడిశా పాఠం ఏది, ఆంధ్ర పాఠం ఏది, రెండింటి జత ఎక్కడ అని తరగతివారీగా పట్టిక వేసే పని బరంపురంలో ఉన్న నలుగురైదుగురు అనుభవజ్ఞులైన తెలుగు టీచర్లు కూర్చుంటే ఒక వేసవి సెలవుల్లో తేలిపోతుంది. దానికి కావలసింది ఒక ఉత్తర్వు, వాళ్లకు గౌరవంగా ఇచ్చే పారితోషికం.

ఆంధ్ర నుంచి అన్నీ తెచ్చుకుందామని నేననడం లేదు. అక్కడ 2022 ఆగస్టులో టీచర్ల ముఖం ఫోటోతో హాజరు యాప్ పెడితే, సొంత ఫోన్లలో అది వేసుకోవాలా అని టీచర్లు ఎదురుతిరిగారు. అదే డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా కోర్టు మెట్లెక్కింది. కాబట్టి మనం పొరుగువాళ్లను పుస్తకాలూ పాఠాలూ అడుగుదాం, యాప్‌లు వద్దు.

మన గంజాంలోని హింజిలి నియోజకవర్గంలో 2021లో యాభై హైస్కూళ్లు స్మార్ట్ తరగతి గదులతో కొత్త రూపు దిద్దుకున్నాయి. ఆ తర్వాత ఆ పథకం రాష్ట్రమంతా పాకింది. బోర్డు ఉంది, తెర ఉంది, ఇంటర్నెట్ ఉంది. పదో తరగతిలో మొదటి భాష తెలుగు రాసే పిల్లలు ఒక్కో బడిలో పదిమంది, పన్నెండుమంది ఉన్నచోట ఒక్కో టీచరును వేయమంటే ప్రభుత్వం వెనకాడుతుంది. బరంపురంలో ఒక మంచి తెలుగు టీచరు వారానికి మూడు రోజులు తెర మీద పాఠం చెప్తే ఆ బడులన్నింటికీ అందుతుంది. ఇది ఆరు నుంచి పది దాకా చెప్పే మాట. ఒకటి, రెండు తరగతుల్లో తెర పనికిరాదు. అక్కడ పిల్ల భాష తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టి ‘అ’ దిద్దించాలి.

ఇది కొత్త విషయం కూడా కాదు. పర్లాకిమిడి నేడు గజపతి జిల్లాలో ఉంది గానీ 1992 దాకా గంజాంలోదే. అక్కడ బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలో చదువు లేదని చూసి, ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టారు. సవరతో సహా 21 గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెచ్చిన ఘనత ఇవాళ ఒడిశా ప్రభుత్వానిది. ఆ పని చేయగలిగిన శాఖకు, పొరుగు రాష్ట్రంలో పుస్తకాలు సిద్ధంగా ఉన్న తెలుగు భారమవుతుందా? అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టి అక్కడి పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పుతోంది. ఆ శ్రద్ధలో కొంత గోపాలపురం వైపు తిరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఇక్కడి పిల్లలు ఒడియా మానేయాలని కాదు. ఒడియా వాళ్ల పొరుగు భాష, ఉద్యోగ భాష, అది బాగా రావాలి. ఇంటి భాషలో ఆలోచన గట్టిపడ్డ పిల్లకే రెండో భాష చక్కగా పట్టుబడుతుంది.

తల్లులకు వెళ్లే కబుర్ల సంగతి కూడా చూడాలి. బడి నుంచి ఒడియాలోనో ఇంగ్లీషులోనో మెసేజి వెళ్తుంది. చేపలమ్మే తల్లికి అది చదవడం రాదు, తెలుగులో పంపినా చదవలేదు. వినగలదు. పిల్ల బడికి రాలేదనో, రేపు సూదిమందు వేస్తారనో పది సెకన్ల వాయిస్ మెసేజి ఆ పల్లె మాటలో పంపితే చాలు. కేంద్రం 2022లో తెచ్చిన భాషిణి లాంటి అనువాద సాధనాలున్నాయి, పెద్ద నోటీసులకు అవి వాడుకోవచ్చు. కానీ ఒడ్డు తెలుగు పత్రికల తెలుగు కాదు. బడి కమిటీలో ఉన్న ఒక తల్లి గొంతే అందరికంటే బాగా పనిచేస్తుంది.

పోర్టల్‌నే నమ్ముకుని కూర్చోలేం కూడా. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు, సిగ్నలు పోయినప్పుడు పోర్టల్ తెరుచుకోదు. అందుకని కాగితం రిజిస్టరు బీరువాలో ఉండాల్సిందే.

ఈ ఏడాది వివరాల నమోదు మొదలైనప్పుడు తెలుగు తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. బడి కమిటీ సమావేశానికి వెళ్లి, మా పిల్ల వివరం తెర మీద చూపించండి మాష్టారూ అని మర్యాదగా అడగండి. పేరు సరిగ్గా పడిందా, ఇంటిపేరు ఎటు పోయింది, మాతృభాష గడిలో ఏముంది అన్నవి చూసుకోండి. తప్పుంటే గడువు లోపలే మార్చమనండి. బరంపురంలోని తెలుగు సంఘాలు ఉగాది సభలతో పాటు ఈ పని కోసం ఇద్దరు కుర్రాళ్లను ఒడ్డు పల్లెలకు పంపాలి. ఆ లెక్క సరిపడ్డాక, దాన్ని పట్టుకుని ఛత్రపురంలో కలెక్టరు గారి దగ్గరకు వెళ్లి, ఏయే బడికి ఎన్ని తెలుగు పుస్తకాలు, ఎందరు టీచర్లు అని రాతపూర్వకంగా అడగాలి.