సూది ఒక్కటి – చేతులు వంద



మొజంజాహీ మార్కెట్ గడియారం కింద నిలబడి ఐస్‌క్రీమ్ తినని విద్యార్థి మన కాలేజీలో ఉన్నారంటే నేను నమ్మను. 1935లో కట్టిన ఆ రాతి కట్టడం అందరిదీ. అలాంటి గడియారాన్ని చూసుకునే మనిషి లేకపోతే అది అందరికీ తప్పు టైమే చూపిస్తుంది. ఉమ్మడి ప్రయోగశాలలో యంత్రమూ అంతే.

1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ అనే శాస్త్రజ్ఞులు లోకానికి అందించిన పరమాణు బల సూక్ష్మదర్శిని, అదే ఏ.ఎఫ్.ఎం., చూసే యంత్రం కాదు, తడిమే యంత్రం. సన్నని సిలికాన్ రేకు చివరనున్న సూది నమూనా మీద నడుస్తుంది. రేకు వంగితే దాని వీపు మీది లేజర్ కిరణం పక్కకు జరుగుతుంది. ఆ జరగడమే బొమ్మవుతుంది. సూది మొన వ్యాసార్ధం దాదాపు 10 నానోమీటర్లు.

ప్రాజెక్టు కోసం నేను ఒక ఉమ్మడి ల్యాబుకు వెండి రేణువుల నమూనా పట్టుకెళ్లాను. నెల రోజులు ఎదురుచూస్తే రెండు గంటలు దొరికింది. బొమ్మలో ప్రతి రేణువూ జంటగా కనబడింది! ఏదో కొత్త విషయం కనిపెట్టాననుకుని రిపోర్టులో రెండు పేజీలు రాసేశాను. మార్కెట్ దగ్గర చాయ్ తాగుతూ ఒక సీనియర్‌కు చూపించాను.

"తమ్మీ, జంటలన్నీ ఒకే దిక్కుకున్నయేంది? నమూనాను తిప్పి చూసినవా?"

"లేదన్నా."

"తిప్పినా దిక్కు మారకపోతే, ఆ రెండు తలలు రేణువులవి కావు, సూదివి."

మళ్లీ నెల ఆగి, 90 డిగ్రీలు తిప్పి చూశాను. దిక్కు మారలేదు. ఎవరో మొన విరగ్గొట్టి, లాగ్‌బుక్కులో ఒక్క ముక్క రాయకుండా వెళ్లిపోయారు. రెండు పేజీలూ చించేశాను. అప్పుడు గోడ మీది బోర్డు కంటబడింది: "సూది విరిగితే జరిమానా." నిజం చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి లాభం! ఇంక ఎవరు రాస్తారు?

ఏ.ఎఫ్.ఎం. కొనేటప్పుడు అన్నిటికంటే ఖరీదైనదే కావాలంటారు చాలామంది. నా అభిప్రాయం వేరు. ముందు వాడేదెవరో చూడాలి. జీవకణాల వంటి మెత్తని నమూనాలైతే, తాకించి లాగితే గీసుకుపోతాయి. తట్టుతూ నడిపే పద్ధతి, ద్రవంలో పనిచేసే ఏర్పాటు కావాలి. గట్టి పూతలకైతే మామూలు మోడల్ చాలు. యంత్రాన్ని లిఫ్టుకూ, బస్సులు తిరిగే రోడ్డుకూ దూరంగా, కింది అంతస్తులో, అదురు తగలని బల్ల మీద పెట్టాలి. మిగిలిన డబ్బు సూదులకూ, నేర్పే ఆపరేటర్ జీతానికీ ముందే తీసిపెట్టాలి. పనికి ముందూ వెనకా కొలత తెలిసిన గళ్ల నమూనా మీద సూదిని పరీక్షించి, ఫలితం రాసి సంతకం పెట్టాలి.

ప్రభుత్వ సొమ్ముతో కొన్న పరికరాలను బయటివారూ వాడుకునేందుకు 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది. సంతోషమే. కానీ తలుపు తెరిస్తే చాలదు, లోపల నమ్మకమూ ఉండాలి.

సుద్దముక్క అరిగినట్టే సూదీ అరుగుతుంది. అరగడం తప్పు కాదు, దాచడం తప్పు. రేపు మన కాలేజీకి ఇటువంటి యంత్రం వస్తే, జరిమానా బోర్డు వద్దనీ, లాగ్‌బుక్కే ముందు పెట్టించాలనీ యూనియన్ మిత్రులను కోరుతున్నాను.