పిట్టగోడ చట్టం

పాత నిబంధన చట్టం అనగానే మనలో చాలామందికి కంటికి కన్ను తీసే కఠిన శిక్షలే గుర్తొస్తాయి. బాబిలోను రాజు హమ్మురాబీ చట్టాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టేస్తాం. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం తేడా కనిపిస్తుంది.

పొడిచే ఎద్దు సంగతే చూడండి. హమ్మురాబీ చట్టం సుమారు క్రీ.పూ. 1750 నాటిది. ఎద్దు పొడుస్తుందని తెలిసీ యజమాని దాన్ని అదుపులో పెట్టకపోతే, అది స్వతంత్రుణ్ణి చంపితే అర మినా వెండి, బానిసను చంపితే మూడో వంతు మినా కట్టాలి. అక్కడితో సరి, ఎద్దు ఊసే లేదు. నిర్గమకాండం 21వ అధ్యాయంలోనూ ఇలాంటి ఎద్దే ఉంది. ఇక్కడ దాన్ని రాళ్ళతో కొట్టి చంపాలి, మాంసం కూడా తినకూడదు. తెలిసీ వదిలేసిన యజమాని ప్రాణానికే ముప్పు. పరిహారం విధిస్తేనే బతుకుతాడు. చనిపోయింది బానిస అయితే 30 షెకెళ్ళ వెండి. మనిషికి ధర కట్టడం ఇక్కడా పోలేదు, దాన్ని నేను వెనకేసుకురాను. అయినా బానిసను చంపిన ఎద్దుకీ అదే గతి.

ఇల్లు కూలి యజమాని కొడుకు చనిపోతే, కట్టినవాడి కొడుకును చంపమంటాడు హమ్మురాబీ. తండ్రి తప్పుకు కొడుకును చంపకూడదంటుంది ద్వితీయోపదేశకాండం. హంతకుడి ప్రాణానికి బదులుగా డబ్బు పుచ్చుకోవద్దనీ, ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ మరణశిక్ష వేయవద్దనీ సంఖ్యాకాండం 35వ అధ్యాయంలో ఉంది. డబ్బున్నవాడు చంపి తప్పుకునే దారి మూసేశారన్నమాట!

సాక్షుల నియమం ఈ దేశానికీ వచ్చింది. 1641లో మసాచుసెట్స్ వలసవాసులు చేసుకున్న 'బాడీ ఆఫ్ లిబర్టీస్' ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులో, దానికి సమానమైన రుజువో లేనిదే ఎవరికీ మరణశిక్ష వేయరాదు. మంత్రగత్తెలను చంపమన్నదీ అందులోనే. 1692లో అదే గడ్డ మీద, సేలంలో, నిందితుల రూపం కంటికి కనబడి బాధపెట్టిందన్న మాటల్ని కూడా సాక్ష్యంగా తీసుకుని 19 మందిని ఉరితీశారు.

ఇవన్నీ ప్రాణం పోయాక చూసుకునే చట్టాలు. నాకు బాగా నచ్చింది మాత్రం ప్రాణం పోకముందు చూసుకునేది. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెబుతుంది. ఎవరైనా అక్కణ్ణుంచి పడి చనిపోతే ఆ పాపం ఆ ఇంటిదే. వేసవిలో డాబా మీద పక్కలేసుకుని పడుకున్న మనకి ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. పిల్లలూ, మీ అమ్మమ్మగారి ఊళ్ళో మేడ మీదికి వెళ్ళినప్పుడు ఆ గోడ మీరూ చూసే ఉంటారు.

ఇక్కడ మనకి డాబాలు లేవు, డెక్‌లున్నాయి. అమెరికాలో చాలా ఊళ్ళు పాటించే నమూనా నిబంధనల్లో, నేలకు 30 అంగుళాలకు మించిన ఎత్తులో ఉన్న డెక్‌కు కనీసం 36 అంగుళాల రెయిలింగ్ ఉండాలి. స్విమ్మింగ్ పూల్ చుట్టూ 48 అంగుళాల కంచె, దానికి తనంతట తానే మూసుకునే గేటు. ఇన్‌స్పెక్టరు కోసం విసుక్కుంటూ పెట్టించుకుంటాం. తీరా పార్టీ రోజున, పళ్ళేలు పట్టుకుని తిరిగేవాళ్ళకి ఇబ్బందని ఆ గేటుకి కుర్చీ అడ్డం పెట్టి బార్లా తెరిచి ఉంచడం చాలా ఇళ్ళలో చూశాను. సీడీసీ లెక్కల ప్రకారం ఈ దేశంలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల్ని అన్నిటికన్నా ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది నీట మునగడమే. ఈసారి మీ ఇంటికి చుట్టాలొచ్చే ముందు ఆ కుర్చీ తీసేయండి.