కోత సంచిలో పెడదాం, పళ్ళెంలో కాదు



నెల మొదట్లో చేతికి వచ్చిన డబ్బు ఇరవయ్యో తారీఖు నాటికి ఎటు పోతున్నదో తెలియడం లేదన్న మాట ఇవాళ ఏ ఇంట్లోనైనా వినిపిస్తుంది. కూలికి పోయే ఇల్లయినా, నెల జీతం వచ్చే ఇల్లయినా బాధ ఒక్కటే. అందుకని ఈ నెల కిరాణ సామాను ఖర్చు గురించి మాట్లాడుకుందాం. సిద్దిపేట జిల్లా తొగుట మండలపు ఇళ్ళను కళ్ళ ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. మీది ఏ ఊరైనా లెక్క పెద్దగా మారదు.

ముందుగా ఒక మాట. పొదుపు అనగానే మన ఇళ్ళలో మొదట తగ్గేది ఇల్లాలి పళ్ళెం. భర్తకు, పిల్లలకు వడ్డించి, అడుగున మిగిలిన పప్పు నీళ్ళతో తాను సరిపెట్టుకుంటుంది. దానికి ఓర్పు అని పేరు పెట్టి మనమే మెచ్చుకుంటాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మంది. ఇంత రక్తం తక్కువైన ఇళ్ళలో తిండి తగ్గించి డబ్బు మిగిల్చితే, ఆ డబ్బు మందుల దుకాణానికే పోతుంది. కనుక మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. కోత పెట్టవలసింది దుకాణం నుంచి వచ్చే సంచిలో, పళ్ళెంలో కాదు.

డబ్బు ఎక్కడ కారిపోతున్నది?

కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే మన కళ్ళు తెరిపిస్తుంది. దేశంలో పల్లెటూరి మనిషి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు. అందులో నూటికి 47 రూపాయలు తిండికే. ఉచితంగా అందిన వాటి విలువ కలపకుండా వేసిన లెక్క ఇది. ఈ 47లో బియ్యం, గోధుమల వంటి ధాన్యాలకు పోయేది సుమారు 5 రూపాయలే. టీలు, కూల్‌డ్రింకులు, బిస్కట్లు, ప్యాకెట్ తిండ్లు, బయట తినే పలహారాలు అన్నీ కలిపి దాదాపు 10 రూపాయలు. అంటే మనం ఎంతో జాగ్రత్తగా కొలిచి పోసుకునే బియ్యం కంటే, లెక్క లేకుండా కొనే చిల్లర తిండికి రెండింతలు పోతున్నది.

ఇప్పుడు తొగుట సంగతి చూద్దాం. వరి, మొక్కజొన్న, పత్తి, కంది పండే నేల ఇది. ఒకప్పుడు కందిపప్పు, మక్కలు ఇంటివే. పుంటికూర, గంగవాయిలి కూర చేను గట్టు మీదనే దొరికేవి. సోరతీగ దడి మీదికి పాకేది. దుకాణానికి పోవలసింది ఉప్పు, బెల్లం, చాయపత్తి వంటి వాటి కోసమే. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమయింది. దాని కోసం ఈ మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. చాలా కుటుంబాలు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలకు చేరాయి. చేను లేని చోట కొత్తిమీర కట్ట కూడా కొనుక్కోవలసిందే. ఊరు కదలని వారి ఇళ్ళలోనూ పత్తి పెరిగి, గట్టు మీది కూరలు తగ్గాయి. ఇంటి నుంచి వచ్చేది తగ్గి దుకాణం నుంచి వచ్చేది పెరిగినప్పుడు, కొనడం కూడా నేర్చుకోవలసిన పని అవుతుంది.

బియ్యం మిగిల్చిన డబ్బు

2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డు ఉన్నవారికి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా అందుతున్నది. అంతకు ముందు దొడ్డు బియ్యం వచ్చినప్పుడు వాటిని తక్కువకు అమ్మి, దుకాణంలో సన్న బియ్యం కొనుక్కున్న ఇళ్ళు ఎన్నో. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు. కిలో 45 రూపాయల లెక్కన వేసుకున్నా 1,080 రూపాయలు. ఈ వెయ్యి ఇప్పుడు మీ ఇంట్లో ఎక్కడ ఉంది? పప్పుగా, పాలుగా, గుడ్లుగా మారిందా? లేక తెలియకుండానే ఎటో పోయిందా? ఇల్లాలు కాగితం మీద రాసుకుని జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఇది.

ఒక చిన్న లెక్క. ఇద్దరు పిల్లలకు రోజుకు చెరొక 10 రూపాయల ప్యాకెట్ కొనిస్తే నెలకు 600 రూపాయలు. గుడ్డు 7 రూపాయలనుకుంటే అదే డబ్బుకు 85 గుడ్లు వస్తాయి. పిల్లలకు రోజుకొక గుడ్డు చొప్పున ఇచ్చినా ఇంకా పాతిక మిగులుతాయి. అవి తల్లి తినాలి.

ఇక చేయవలసిన పనులు ఒక్కొక్కటిగా చూద్దాం.

1. చీటీ లేకుండా దుకాణం మెట్లు ఎక్కవద్దు. నెలకు ఏ సరుకు ఎంత పడుతుందో ఒక నోటు పుస్తకంలో రాయండి. మొదటి నెల ఏమీ తగ్గించకండి, రాయడం మాత్రమే చేయండి. రాసినప్పుడే చక్కెర ఎంత, నూనె ఎంత, పిల్లవాడు ఉద్దెర తెచ్చిన ప్యాకెట్లు ఎన్ని అన్నది బయటపడుతుంది. దుకాణం వారి ఖాతా పుస్తకంలో ఏముందో మన పుస్తకంలోనూ ఉండాలి. ఉద్దెర తేవడం తప్పు కాదు. లెక్క వారి దగ్గరే ఉండి మన దగ్గర లేకపోవడమే తప్పు. కూలి డబ్బు రోజుకింత వచ్చే ఇళ్ళలో నెల సామాను ఒకేసారి తేవడం కష్టమే. వారు వారానికొకసారి తెచ్చుకున్నా, రోజూ పావు, అరపావు తెచ్చుకోవడం కంటే మేలు. లెక్క కోసం చూడండి. కందిపప్పు పావు కిలో 40 చొప్పున నాలుగు సార్లు తెస్తే 160. అదే కిలో ఒకేసారి 130కి దొరికితే ఒక్క పప్పు మీదనే 30 మిగిలాయి. ఇలా పది సరుకుల మీద మిగిలితే అది నెల పాల ఖర్చులో మంచి భాగం.

2. ఏ కాలంలో ఏది దిగుతుందో ఆ కాలంలోనే కొనండి. కందులు డిసెంబరు, జనవరి నెలల్లో చేతికి వస్తాయి. చింతపండు, ఎండుమిర్చి, పసుపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల. ఉల్లిగడ్డ వేసవిలో చౌక, వానాకాలం చివర ప్రియం. మన అమ్మమ్మలు ఏడాది గ్రాసం నింపుకున్నది ఈ లెక్క ప్రకారమే. కందులు రైతు దగ్గరే కొని పప్పు పట్టించుకుంటే ఇంకా మేలు. నిలవ చేయడం తెలియకపోతే మాత్రం చౌకగా కొన్నది పురుగుల పాలవుతుంది. పప్పును రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి, చల్లారాక ఆముదం పలుచగా పట్టించి, ఎండిన వేపాకులు వేసి గాలి చొరని డబ్బాలో పెట్టాలి. చింతపండును గింజ తీసి, ఉప్పు కలిపి కుండలో అదిమి పెడితే ఏడాది ఆగుతుంది. టమాట ధర చలికాలంలో పడిపోతుంది. 2023 జూలైలో అదే టమాట కిలో 100 దాటింది. చౌకగా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటే వానాకాలంలో పప్పుకు, పులుసుకు లోటుండదు.

3. సంచి రంగు కాదు, తూకం చూడండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి పేరు ముద్రించిన బియ్యం, పప్పులు, పిండి మీద నూటికి 5 రూపాయల జీఎస్టీ పడుతున్నది. విడిగా తూచి ఇచ్చే వాటి మీద లేదు. నమ్మకమైన దుకాణంలో మంచి సరుకు విడిగా దొరికితే ప్యాకెట్ కోసం పోనవసరం లేదు. స్నానపు సబ్బులు, టూత్‌పేస్ట్, షాంపూ, తలనూనె, బిస్కట్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5కు తగ్గింది. కనుక పాత ధర గుర్తు పెట్టుకుని, తగ్గిందో లేదో చూసి తీసుకోండి. పది రూపాయల ప్యాకెట్ ఎప్పుడూ పది రూపాయలే ఉంటుంది. లోపలి గ్రాములు మాత్రం మారుతుంటాయి. గ్రాముకు లేదా కిలోకు ధర ఎంత పడుతున్నదో ప్యాకెట్ మీద ముద్రించి ఉంటుంది. చదవడం వచ్చిన పిల్లలకు ఆ పని అప్పగించండి. వారికి లెక్కలూ వస్తాయి, మారాం కూడా తగ్గుతుంది.

4. కూరగాయలు కలిసి తెచ్చుకోండి. 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లలో రైతే నేరుగా అమ్ముతాడు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు ప్రయాణం ఉచితం. వారానికొకసారి ఇద్దరు సిద్దిపేట పోయి నాలుగిళ్ళకు తెస్తే, అందరికీ చౌక, ఎవరి కూలీ చెడదు. వంతుల వారీగా పోవచ్చు. దగ్గరలో వారపు అంగడి ఉన్నవారు సాయంత్రం పూట పోతే ధర ఇంకా తగ్గుతుంది. ఆకుకూర మాత్రం వాడిపోయింది తేవద్దు.

5. గజం జాగా ఉన్నా విత్తనం వేయండి. కాలనీలో పెరడు లేదని దిగులు వద్దు. పగిలిన బకెట్, సిమెంటు సంచి, పాత తొట్టి చాలు. పుంటికూర, తోటకూర, బచ్చలి, కొత్తిమీర వంటగది నీళ్ళతోనే పెరుగుతాయి. గోడవార ఒక మునగ చెట్టు ఉంటే కాయ, ఆకు రెండూ కూరే. చింతచిగురు కాలంలో పప్పుకు చింతపండు అవసరమే లేదు. ఈ ఆకులే రక్తానికి మేలు చేసేవి.

6. పొయ్యి దగ్గర కొంత మిగుల్చుకోండి. పప్పును గంటసేపు నానబెట్టి వండితే గ్యాసు మిగులుతుంది. కుక్కర్‌కు ఆవిరి రాగానే మంట తగ్గించాలి. కూర గిన్నె మీద మూత పెట్టాలి. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటవద్దని వైద్యులు చెబుతుంటారు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తుంది కాబట్టి ఎక్కడో పన్ను మారినా మన మూకుడు మీద పడుతుంది. నలుగురికి రెండు లీటర్లని గుర్తు పెట్టుకుని, సీసా మీద గీత గీసుకుని వాడండి. ఖర్చుతో పాటు బీపీ, గుండె జబ్బుల భయమూ తగ్గుతుంది.

7. మిగిలినది పారవేయకండి. అయిదు వేలమంది తిన్న తరువాత మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకు ఎత్తించిన సంగతి మనకు సండే స్కూలు నాటి నుంచి తెలుసు. రాత్రి అన్నం పొద్దున పెరుగు, ఉల్లిగడ్డతో సద్ది అవుతుంది, లేదా పోపు వేసిన అన్నం అవుతుంది. మిగిలిన జొన్నరొట్టె బెల్లంతో మలీద అవుతుంది. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి కాల్చిన సర్వపిండి ముందు ఏ ప్యాకెట్ నిలుస్తుంది? అయితే ఎండాకాలంలో ఎక్కువసేపు బయట ఉండి వాసన మారినది మాత్రం ఎవరికీ పెట్టవద్దు.

8. పండుగకు ముందే సిద్ధపడండి. క్రిస్మస్ వారంలో ఒకేసారి నూనె, మైదా, చక్కెర, బెల్లం కొంటే మామూలు సామానుకు అప్పు చేయవలసి వస్తుంది. అక్టోబరు నుంచే వారానికొక సరుకు తెచ్చి పెట్టుకోండి. అరిసెలు, సకినాలు, గారెలు నాలుగిళ్ళవారు ఒక పొయ్యి మీద కలిసి చేసుకుంటే నూనె కలిసి వస్తుంది, పని తేలిక అవుతుంది.

కలిసి దాచుకున్న ఇళ్ళు

మన పాత మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలయింది. దాని మహిళా సంఘాలు 1990ల నడుమ బీడు పడిన చెలకలను సాగులోకి తెచ్చాయి. పండిన జొన్నల్లో ఒక వాటాను ఊళ్ళోనే నిలవ చేసి, పని దొరకని నెలల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరికి ఎంత అవసరమో ఊరి స్త్రీలే కూర్చుని తేల్చుకున్నారు. చదువు లేనివారు, చిన్న కమతాల వారు చేసిన పని ఇది. మిజోరాం సంఘాలలో 1910 నుంచి, అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి సంఘానికి ఇచ్చే వాడుక ఉంది. ఒక్కొక్క పిడికెడుకు విలువ లేదనిపిస్తుంది. అన్ని పిడికెళ్ళూ కలిసినప్పుడే దాని బలం తెలుస్తుంది. మన స్త్రీల కూడికలో పదిమంది కలిసి ఒక బస్తా కందులు, ఒక బస్తా మిర్చి కాలంలో కొని పంచుకోలేమా? తొగుటలోనైనా, కాలనీలోనైనా ఈ పనికి కావలసింది ఒక తక్కెడ, ఒక పుస్తకం, ఒకరి మీద ఒకరికి నమ్మకం.

వీటిని తగ్గించవద్దు

పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర. ఈ నాలుగింటి మీద చేయి పెట్టవద్దు. ఇంట్లో గర్భిణి, బాలింత ఉంటే అంగన్‌వాడీకి తప్పక పంపండి. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అక్కడ వారికి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అది మొహమాటపడవలసిన దానం కాదు, ఆమెకు రావలసిన హక్కు. భర్తలు కూడా ఈ పేజీ చదువుతారని మాకు తెలుసు. వారికి ఒక విన్నపం. వారానికి రెండు రోజులైనా అందరూ ఒకేసారి కూర్చుని తినండి. ఎవరి పళ్ళెంలో ఏమి తక్కువైందో అప్పుడే కనబడుతుంది.

వచ్చే నెల ఒకటో తారీఖున కొత్త నోటు పుస్తకం తీయండి. ఎడమ పేజీలో కొన్నవి, కుడి పేజీలో మిగిలినది రాయండి. మిగిలినది యాభై రూపాయలైనా సరే, దాని ఎదురుగా అది ఎవరి కోసమో పేరు రాయండి. మొదటి పేరు మీదే అయినా సిగ్గుపడవలసిన పని లేదు.