మూడున్నర రూపాయల వడ్డీ



నాకు నలభై ఏడేళ్లు నిండాయి. ఇంతవరకు నా పేరు మీద ఒక్క క్రెడిట్ కార్డు లేదు. ఈమధ్య యవ్వనస్థుల కూడికలో మాటల మధ్య ఈ సంగతి చెబితే కొందరు నవ్వారు. కొందరు పెద్దవాళ్లు మాత్రం "అయ్యగారిది ఎంత భక్తిగల బతుకో" అన్నట్టు తలలూపారు. నవ్వినవాళ్లే నిజానికి దగ్గరగా ఉన్నారు. నాకు కార్డు లేకపోవడంలో భక్తి పాలు చాలా తక్కువ. జీతం స్లిప్పు లేని మనిషికి కార్డు ఎవరిస్తారు? ఇస్తామంటూ రెండు మూడుసార్లు ఫోన్లు వచ్చాయి. నెలకు ఎంత వస్తుంది సార్ అని అడిగారు. "కానుకలమ్మా, ఒక్కో వారం ఒక్కోలా ఉంటాయి, కోతలప్పుడు బియ్యం బస్తా కూడా వస్తుంది" అన్నాను. పాపం, మర్యాదగానే ఫోన్ పెట్టేశారు.

అప్పు లేకుండా బతికానని కూడా నేను అనలేను. కిరాణా కొట్లో మా ఇంటికో ఖాతా పుస్తకం ఉంది. మందుల షాపాయన "తర్వాత చూద్దాం లెండి అయ్యగారూ" అన్న రోజులున్నాయి. పిల్లల ఫీజులకు చేబదులు తెచ్చిన ఇళ్లు ఈ ఊళ్లో కనీసం నాలుగున్నాయి. చేబదులంటే మీకు తెలుసు: కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ గుర్తుంటే చాలు. జేబులో కార్డు లేదు గానీ ఊరంతా నాకు ఖాతా ఉంది. కాబట్టి కార్డున్నవాళ్ల మీద కొరడా తీసుకునే హక్కు నాకు లేదు. ఈ వ్యాసం అందుకు రాయడం లేదు.

మన సంఘంలో ఇప్పుడు చాలా ఇళ్లలో కార్డులున్నాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల దగ్గర రెండు, మూడు కూడా ఉంటున్నాయి. అది తప్పని నేను అనను. నెల నెలా మొత్తం బాకీ కట్టేసేవాడికి కార్డు నిజంగానే చేబదులు లాంటిది. కొన్న రోజును బట్టి కొన్ని వారాలపాటు వడ్డీ పడదు. చిక్కంతా ఒక నెల మొత్తం కట్టలేకపోయినప్పుడు మొదలవుతుంది. మిగిలిన బాకీకి కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కేస్తారు. ఆ తర్వాత కొత్తగా కొన్నవాటికి కూడా ఆ గడువు దక్కదు.

ఆ వడ్డీ ఎంతో మనకు తెలిసిన భాషలో చెప్పుకుందాం. మన పల్లెల్లో వడ్డీని ఏడాది శాతాల్లో ఎవరూ మాట్లాడరు, నెలకు నూటికి ఎన్ని రూపాయలని అడుగుతారు. రూపాయి వడ్డీ అంటే తెలిసినవాళ్ల మధ్య ఇచ్చేది. రెండు రూపాయలంటే అందరూ ఇచ్చేది. మూడు రూపాయలంటే "అంత వడ్డీకా?" అని మనింటి పెద్దవాళ్లు ఆగిపోతారు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడు నుంచి మూడు ముప్పావు రూపాయలదాకా ఉంటుంది. మూడున్నరే అనుకుందాం. బాకీ 50,000 అయితే నెలకు వడ్డీ 1,750. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 315. మొత్తం 2,065. నూటికి నాలుగు రూపాయలు దాటిపోయింది. ఆ నెల మన అబ్బాయి కనీస మొత్తం అని చూపించినది చూసి 2,500 కట్టాడనుకోండి, అసలులో తగ్గింది 435 రూపాయలు. స్టేట్‌మెంట్‌లో ఏడాదికి 42 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటే దాటి వెళ్లిపోతాడు. అదే మాట నాయనమ్మతో "నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చాను" అని చెప్పి చూడమనండి!

ఈ రేటుకు పైకప్పు లేదు. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చట్టం సంగతి చట్టం తెలిసినవాళ్లు మాట్లాడుతారు. నాకు గుర్తొచ్చేది నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం. కరువులో పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టిన జనం ఏడుస్తుంటే, వాళ్ల దగ్గర తీసుకుంటున్న నూరవ భాగాన్ని తిరిగి ఇచ్చేయమని నెహెమ్యా పెద్దలను నిలదీశాడు. దాన్ని నెలకు నూటికి ఒకటి అని అర్థం చెప్పేవాళ్లున్నారు. అంటే మన రూపాయి వడ్డీ! మనం న్యాయమేనని అనుకునే వడ్డీకే ఆయనకు అంత కోపం వచ్చింది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. పల్లెలో కార్డు అనగానే మొదట గుర్తొచ్చేది కిసాన్ క్రెడిట్ కార్డు. 1998లో మొదలైంది. మూడు లక్షల లోపు పంట రుణానికి ఏడు శాతం, గడువులో కట్టేస్తే నికరంగా నాలుగు శాతం. మన లెక్కలో అది పావలా వడ్డీ కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ దాన్ని సులువుగా పొందేది పాసు పుస్తకం ఉన్నవాడు. మన సంఘంలో ఎక్కువమంది కౌలుకు చేసేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు. పొలం ఉన్నవాడికి పావలా చిల్లర, పొలం లేనివాడి కొడుక్కి నాలుగు రూపాయలు. పేదవాడి డబ్బు ఎప్పుడూ ఖరీదే.

మన సంఘస్థుల్లోనే ఒక అబ్బాయి సంగతి, అతని అనుమతితో చెబుతున్నాను. పేరు, వివరాలు వద్దు. మొదట ఫోను కొన్నాడు, తర్వాత చెల్లెలి పెళ్లికి వాడాడు. ఆ తర్వాత ఒక కార్డు బాకీ తీర్చడానికి రెండోది, రెండోదానికి మూడోది. బాకీ మూడు లక్షలకు దగ్గరయ్యేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. వసూలు చేసేవాళ్లు వాళ్లమ్మకు ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. ఆమె నా దగ్గరకు వచ్చి ఏడ్చింది డబ్బు గురించి కాదు. "నన్ను అడిగితే గొలుసు ఇచ్చేదాన్ని కదా అయ్యగారూ" అంది, అదే మాట మూడుసార్లు. ఆ గొలుసు బ్యాంకులో పెడితే రూపాయి వడ్డీకో, అంతకంటే తక్కువకో అప్పు పుట్టేది.

ఎందుకు అడగలేదురా అంటే, అడగాల్సిన అవసరం రాలేదు అన్నాడు. నన్ను చాలా రోజులు పట్టుకున్న మాట అది. చేబదులుకు వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడతాం, చెప్పులు విప్పుతాం, ముందు వాళ్ల ఆరోగ్యం అడుగుతాం. ఎందుకురా అంత డబ్బు అని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరక్క దారిలోనే వెనక్కి తిరిగి వచ్చిన సందర్భాలు నాకు బాగానే ఉన్నాయి. కార్డు ఆ ప్రశ్న అడగదు.

ఊరి అప్పంతా దయగలదని నేను అనను. ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. 2015లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దారుణాలు మనం మర్చిపోలేదు. అక్కడ అప్పిచ్చినవాడికి ముఖం ఉంది, కనికరం లేదు.

రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం ఇంటికెళ్లి ఒకసారి చదవండి. అప్పు మిగిల్చి చనిపోయినవాడు తాగుబోతు కాదు, ప్రవక్తల శిష్యుడు, దైవభయం గలవాడని అతని భార్యే చెబుతుంది. అప్పులవాడు ఇద్దరు కొడుకులను పట్టుకుపోవడానికి వచ్చాడు. అప్పుడు ఎలీషా ఆమెను ముందు పంపింది ఇరుగుపొరుగు ఇళ్లకు, ఖాళీ పాత్రలు అడిగి తెమ్మని, అవి కూడా కొన్ని కాదు, చాలా. ఆమె అన్ని గడపలూ తొక్కి ఉంటుంది. ఇన్ని పాత్రలు ఎందుకమ్మా అని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. నూనె పోయడానికి ముందే ఆ ఇంటి కష్టం వీధంతా తెలిసి ఉంటుంది. ఈ భాగం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను, ఎప్పుడూ నూనె గురించే.

కార్డు బాకీతో ఎవరైనా నలుగుతుంటే, ముందు దాని మీద కొత్తగా కొనడం ఆపండి. బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని తక్కువ వడ్డీకి వాయిదాలుగా మారుస్తారేమో అడగండి. ఇంట్లో బంగారం ఉంటే ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. వసూలు కోసం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, అది గుర్తుంచుకోండి. బాకీ తీరేదాకా మందిరంలో కానుక వేయలేకపోతున్నామని సిగ్గుపడవద్దు. కార్డు గీకి తెచ్చిన కానుక నాకు వద్దు, ఇది సంఘ పెద్దలతో కూడా చెప్పాను.

శనివారం సాయంత్రాలు నేను మందిరం వరండాలోనే ఉంటాను. కాగితం, పెన్ను ఉంటాయి, నూటికి ఎన్ని రూపాయలు పడుతుందో కూర్చుని లెక్కేద్దాం. మీ స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. ఫోన్‌లో ఉందంటే ఛార్జింగ్ పెట్టుకుని రండి, వరండాలో ప్లగ్గు పనిచేయడం లేదు.