వెలయు పోషణవ్యయమును

పాతబడిన వేగపు కారు చౌకగా లభించుచున్నదని పలువురు సంతసింతురు. ఆ సంతోషము లెక్కకు నిలువదని మా యభిప్రాయము.

జర్మనీలో 1985 మొదలు 1991 వరకు నిర్మింపబడిన పోర్షే 944 టర్బోను చూతము. టర్బోయనగా, ఇంజను విడిచెడు వేడివాయువుచే చక్రమును త్రిప్పి, గాలిని అదిమి మరల ఇంజనులోనికి పంపు యంత్రము. స్విట్జర్లండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో ఈ యుక్తికి పేటెంటు పొందెను. వ్యర్థమును సార్థకము చేయు ఈ యుక్తి మెచ్చదగినదే. కాని ఆ చక్రము మిక్కిలి వేడెక్కును. సకాలమున మంచి నూనె మార్చనిచో దాని బేరింగులు చెడును. టైమింగు బెల్టు తెగెనేని పిస్టనులు వాల్వులను తాకి వంచును. పట్టీకి లోభించినవాడు ఇంజనునే విప్పింపవలసివచ్చును. క్లచ్చి మార్చుటకు వెనుకనున్న గేరుపెట్టెను సైతము దింపవలయును. కారు వెల వయస్సుతో తగ్గవచ్చును గాని, ఈ పనుల కూలి తగ్గదు.

కావున వెలతోపాటు మరమ్మతుల సొమ్మును వేరుగా నుంచజాలనివాడు అట్టి కారును కొనరాదు. కొన్నచో ఇంటి గ్రాసమునకును బిడ్డల చదువునకును ఉంచిన ధనము దానిపాలగును. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి వ్యయము లెక్కింపవలెనని ప్రభువు బోధించెను గదా. విద్యార్థులారా, సైకిలు మొదలు కారు వరకు, దేనినైనను వెల యడిగిననాడే పోషణవ్యయమును గూడ అడుగుడు.