పురాధ్యక్షుఁడు పురజనులకు చెప్పవలసిన లెక్క

మన పట్టణములలో ఏఁటేఁట నేదో యొక సభ జరుగును. పురాధ్యక్షుఁడు వేదిక నెక్కి, తన యేలుబడిలో ఎన్ని వీధులకు సిమెంటు వేయించెనో, ఎన్ని దీపస్తంభములు నిలిపించెనో, ఎన్ని మొక్కలు నాటించెనో చదివి వినిపించును. సభవారు చప్పట్లు కొట్టుదురు. మన బడిపిల్లలు ఎండలో వరుసలు తీర్చి నిలిచియుందురు. ఆ చెప్పిన సంగతులు అబద్ధములని నే ననను, పెక్కుమార్లు నిజములే. అయినను అది లెక్క చెప్పుట కాదు. ఇంటి యజమానుఁడు నెలాఖరున భార్యాబిడ్డలను కూర్చుండఁబెట్టుకొని, తాను కొని తెచ్చిన వస్తువుల పేళ్లు మాత్రమే చదివి, తీర్చని యప్పును గూర్చియు కారుచున్న యింటికప్పును గూర్చియు నోరు మెదపకున్నచో ఆ యింటివా రేమి తెలిసికొందురు? వచ్చు నెల బియ్యము ముందో, కప్పు ముందో వారెట్లు నిర్ణయింతురు?

చేసిన పనితోపాటు చేయని పనిని, అది నిలిచిపోయిన కారణమును, ఇఁక ముందు దేనికి మొదటి స్థానమిచ్చునో దానిని చెప్పినప్పుడే పురాధ్యక్షుని మాట లెక్క యగును. అట్లు చెప్పనివానికి పౌరులను సేవకు పిలుచు హక్కు తక్కువ యని నా యభిప్రాయము. ఈ మాట కొందఱికి కటువుగా తోఁపవచ్చును. గనుక ఒక పురాధ్యక్షుని చరిత్రమును చదువరుల యెదుట నుంచెదను. అతఁడు మన దేశస్థుఁడు కాఁడు. దూరదేశపువాని నేల తెచ్చితివని యడుగువారితో నేను చెప్పున దేమనగా, అతఁడు పౌరులతో మాటలాడిన మాటలు ధ్వనిముద్రికలలో నేఁటికిని నిలిచియున్నవి. మఱియు అతఁడు గతించి చాలకాల మైనది గనుక, పొగడినను తెగడినను నన్ను ఫలాని పక్షమువాఁడని యెవరును అనుమానింపరు!

ఫియొరెల్లో లాగార్డియా న్యూయార్కు నగరమునకు 1934 మొదలుకొని 1945 వఱకు, వరుసగా మూఁడు పర్యాయములు, మేయరుగా నుండెను. మనిషి పొట్టి, గొంతు కీచు. తండ్రి ఇటలీనుండి వచ్చి అమెరికా సైన్యములో బ్యాండుమేష్టరుగా నుండినవాఁడు, తల్లి యూదురాలు. యౌవనమున అతఁడు ఎల్లిస్ ద్వీపమునందు, ఓడలు దిగి వచ్చు వలసజనులకు దుబాసీగా పనిచేసెను. పరదేశపు రేవులో భాష తెలియక నిలుచున్నవానికి ఒక్క స్పష్టమైన మాట యెంత యాదరువో అతఁ డక్కడ నెఱిఁగియుండును. 1921వ సంవత్సరమున అతని పసికూఁతురును, కొన్ని నెలలకే క్షయవ్యాధిచే మొదటి భార్యయు మరణించిరి.

అతఁడు మేయరగునాఁటికి దేశమంతట వ్యాపారము కుప్పకూలి, నగరపు బొక్కసము ఖాళీగా నుండెను. లక్షలమంది పని లేక వీధులలో నుండిరి. 1934లోనే నగరము అమ్మకములపై నూటికి రెండు చొప్పున పన్ను వేసి, ఆ సొమ్మును నిరుద్యోగుల సహాయమునకు వినియోగించెను. పన్ను వేయుట యే నాయకునికిని ప్రియమైన పని కాదు. పని లేనివానికి అన్నము మొదటిది, తక్కినవి తరువాత అని చెప్పుటకు అంతకంటె స్పష్టమైన మార్గము లేదు. ఆ యేఁడే గృహనిర్మాణ సంస్థ యొకటి యేర్పడి, 1935 డిసెంబరులో బీదలకొఱకు మొదటి యిండ్లు తెఱవఁబడెను. 1936 వేసవిలో పదునొకండు పెద్ద ఈఁత కొలనులు తెఱచిరి. వీని నన్నిటిని వర్ణించుటకు స్థలము చాలదు. నేను చెప్పఁదలఁచినది అతని మాటను గూర్చి.

1924 మొదలుకొని ఆ నగరమునకు డబ్ల్యు.ఎన్.వై.సి. అను స్వంత రేడియో కేంద్ర ముండెను. యుద్ధకాలమున, 1942 మొదలుకొని, లాగార్డియా ఆదివారమునాఁడు తన కార్యాలయమునుండి ఆ రేడియోలో ప్రజలతో మాటలాడుచుండెను. ఏమి మాటలాడెను? దేశభక్తిని గూర్చిన పెద్ద మాటలు లేకపోలేదు. కాని వినువారికి జ్ఞాపకమున్నవి అవి కావు. ఈ వారము మాంసము కొఱతగా నున్నది, ఫలాని చేఁప చవుకగా నున్నది, దానిని కొనుఁడు. ప్రభుత్వము నిర్ణయించిన ధరకంటె ఎక్కువ యడుగు అంగడివానికి లొంగకుఁడు. ఇంధనము నిట్లు పొదుపు చేయుఁడు. ఇట్టివి! డెబ్బదిలక్షలకు మించిన జనముగల నగరమునకు అధిపతియైనవాఁడు చేఁపల ధర చెప్పుచు కూర్చుండుట హాస్యమని పెద్దమనుషులు కొందఱు తలఁతురు. నాకట్లు తోఁపదు. సంచి చేతఁబట్టుకొని అంగడికి పోవు ఇల్లాలికి నగరపాలనము కనఁబడు చోటు అదియే. అచ్చట మాటలాడనేర్చినవాఁడు ఆమెకు అప్పుల సంగతియు, పన్నుల సంగతియు కూడ తెలియఁజెప్పఁగలఁడు.

1945వ సంవత్సరము జూన్ నెల చివరి దినమున వార్తాపత్రికలు పంచువారు సమ్మె కట్టిరి. పదునేడు దినములు పత్రికలు ఇండ్లకు రాలేదు. పెద్దలు యుద్ధవార్తలు రేడియోలో వినఁగలిగిరి. పిల్లలకు మాత్రము ఆదివారపు బొమ్మల కథలు లేకపోయెను. అప్పుడు మేయరు రేడియో యెదుట కూర్చుండి డిక్ ట్రేసీ మొదలగు బొమ్మల కథలను, బొమ్మలలో నేమున్నదో వర్ణించుచు, అభినయించుచు, పిల్లలకు చదివి వినిపించెను. ఈ కథను చెప్పుకొని నవ్వుకొనువారే గాని యోచించువారు తక్కువ. సమ్మె వలన ఎవరి కేమి లోపించినదో ఆ మనిషి వేఱువేఱుగా లెక్కించుకొనెను. ఓటు లేని పిల్లల లోటు కూడ అతని లెక్కలోనికి వచ్చెను. "ఓర్పు, ధైర్యము" అని యర్థమిచ్చు రెండు మాటలు అతని కూఁతపదములు. ఆ నగరపు గ్రంథాలయము ముందరనున్న రెండు రాతి సింహములను నేఁటికిని ఆ పేళ్లతోనే పిలుచుచున్నారు.

యుద్ధకాలమున ఆ నగరమునందును, ఆ దేశమందంతటను, పౌరులు వేలకొలఁది సేవకు దిగిరి. విమానదాడి జరిగినచో వీధివారిని కాపాడుటకు కావలిగాండ్రైరి. వంటింటి జిడ్డును, పాత యినుమును ప్రోగుచేసి యిచ్చిరి. ఏల చేసిరి? చేయుమన్నవారు, అది యెందుకో, దానితో నేమగుచున్నదో వారమువారమును చెప్పుచుండుట యొక కారణమని నా నమ్మకము. మన సంగతి చూతము. అక్టోబరు 2వ తేదీన మన పిల్లలు చీపుళ్లు పట్టి వీధి తుడుతురు. ఛాయాచిత్రము తీయుదురు. మఱునాఁటి యుదయమునకు ఆ మూలనే చెత్త మరల కుప్పగానుండును, ఏలయనగా చెత్తబండి ఆ వీధికి రాదు. పిల్లలు తుడుచుట తప్పని చెప్పుట లేదు. తుడిచిన చేయి వీధిలో కాగితము పాఱవేయుటకు కొంచెము సంకోచించును. కాని పిల్లలను పిలిచి చీపురు చేతికిచ్చిన పెద్దలు, బండి యేల రాదో, ఎప్పటినుండి వచ్చునో ఆ దినముననే చెప్పవలెను గదా!

ఈ సంవత్సరము నేను తొమ్మిదవ తరగతి పిల్లలను, మన పురాధ్యక్షుఁడు మొట్టమొదట చేయవలసిన పని యేదో వ్రాసి తెండని యడిగితిని. ఎక్కువమంది ఉద్యానవన మనియు, ఆటస్థల మనియు వ్రాసిరి. ఒక బాలిక మాత్రము, కుళాయి నీళ్లు వచ్చు వేళను ముందుగా చెప్పవలెనని యొక్క పంక్తి వ్రాసెను. విచారింపఁగా, తల్లి తెల్లవారకముందే కూలికి పోవుననియు, నీళ్లు ఎప్పుడు వచ్చునో తెలియమిచే బిందెలయొద్ద కాచుకొని యా బాలిక నెలలో కొన్ని దినములు బడి మానుచున్నదనియు తెలిసినది. క్రొత్త గొట్టములు వేయుటకు ధనము కావలెను, సంవత్సరములు పట్టును. వేళ చెప్పుటకు ఒక కాగితము చాలును. ఏది ముందు అను ప్రశ్నకు సభలలో దొరకని జవాబు ఆ పంక్తిలో దొరికినది.

ఇంతవఱకు లాగార్డియాను పొగడితిని. ఇప్పుడు రెండవ వైపు చెప్పకున్నచో నేను కూడ చేసిన పనులు మాత్రమే చదువు వక్తల కోవలోనికి పోదును. 1935 మార్చి 19వ తేదీన, నల్లజాతివారు నివసించు హార్లెమ్ పేటలో, ఒక అంగడియందు చిన్న కత్తి దొంగిలించెనని యొక బాలుని పట్టుకొనిరి. బాలుని చంపివేసిరని వదంతి పుట్టెను. నిజముగా వాఁడు క్షేమముగా విడిచిపెట్టఁబడెను. కాని యా మాట జనులు నమ్మలేదు. రాత్రియంతయు అల్లరి చెలరేఁగి, అంగళ్లు ధ్వంసమై, ముగ్గురు మరణించిరి. నిజము చెప్పినను జనులు నమ్మని స్థితి ఒక్కనాఁట పుట్టదు. మేయరు ఇరుజాతులవారితో విచారణసంఘమును నియమించెను. బహిరంగ విచారణలలో పేటవారు వచ్చి తమ బాధలు చెప్పుకొనిరి. ఫ్రాంక్లిన్ ఫ్రేజియరను నల్లజాతి విద్వాంసుఁడు పరిశోధనకు పెద్దగా నుండెను. నివేదిక సిద్ధమైనది. నల్లవారికి పని యియ్యకుండుట, ఇఱుకు గదులకు హెచ్చు అద్దెలు, చాలని బడులు, చాలని యాసుపత్రి, పోలీసుల క్రౌర్యము, ఇవి యల్లరికి మూలములని అందులో వ్రాసిరి.

ఆ నివేదికను మేయరు ప్రకటింపలేదు. 1936 జూలైలో ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్ అను హార్లెమ్ పత్రిక దానిని సంపాదించి ముద్రించెను. అతఁడు ఏమియు చేయలేదని యనరాదు. 1937లో ఆ పేటలో హార్లెమ్ రివర్ హౌసెస్ అను గృహసముదాయము తెఱవఁబడెను. అయినను, అడిగించి, పేటవారిచే చెప్పించి, ఆ చెప్పినదానిని పెట్టెలో దాఁచుట, అడుగకుండుటకంటె హీనమని నాకు తోఁచుచున్నది. 1943 ఆగస్టు మొదట ఒక పోలీసువాఁడు నల్లజాతి సైనికుని కాల్చి గాయపఱుపఁగా, మరల వదంతి పుట్టి, హార్లెమ్‌లో మరల అల్లరి జరిగి, ఆఱుగురు మరణించిరి. ఈసారి మేయరు తానే వీధులలో తిరిగి, మాటిమాటికి రేడియోలో మాటలాడి, జనులను శాంతపఱచెను. ఆ ధైర్యమును మెచ్చెదను. కాని యేడేండ్లక్రిందట ఆ నివేదికను తానే చదివి, ఇందులో ఇది ఈ యేఁడు చేయుదును, ఇది నాచేత కాదు అని చెప్పియుండినచో, ఆ రాత్రి అతని మాటకు విలువ యింకను హెచ్చుగా నుండెడిది కాదా? చేఁపల ధర చెప్పుటకు సంకోచింపని నోరు ఇచ్చట సంకోచించెను. ప్రతి నాయకునికిని తాను సుఖముగా చెప్పఁగల లెక్క యొకటియు, చెప్పలేని లెక్క యొకటియు నుండును. పౌరులు అడుగవలసినది రెండవదానిని.

మనకు అడుగు హక్కు లేదా? ఉన్నది. 1861లోనే భీమునిపట్టణమునకు పురపాలక సంఘ మేర్పడెను. ఇది మనకు క్రొత్త విద్య కాదు. 1992లో చేయఁబడి 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము, పురపాలక సంఘములకు అప్పగింపఁదగిన పదునెనిమిది విషయములను పేర్కొన్నది. నీరు, పారిశుద్ధ్యము, వీధిదీపములు, శ్మశానములు, జననమరణముల నమోదు అందులోనివే. మూఁడు లక్షలు, అంతకు మించిన జనసంఖ్యగల పట్టణములలో వార్డు సంఘము లుండవలెనని కూడ నియమించినది. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము చేత ఏ పౌరుఁడైనను కాగితమును అడిగి చూడవచ్చును. లాగార్డియాకు ఒక రేడియో కేంద్రము కావలసివచ్చెను; నేఁడు ప్రతి యింట చేతిఫోను ఉన్నది. సాధనములు కొఱవడలేదు.

తలిదండ్రులకు ఒక మాట. ఇంటిపన్ను నాలుగేండ్లు నిలుపుకొని, వీధిలో దీపము లేదని అఱచువారు మనలో నున్నారు. వారు అడుగరాదని నే ననను. బీదవానికి తీఱని కాలము వచ్చును. కాని మేడ కట్టుకొని పన్ను ఎగవేయువాఁడు పురాధ్యక్షుని లెక్క అడుగునపుడు, తన లెక్కయు ప్రక్కన పెట్టుకొని యడుగుట మర్యాద.

మన బడికి నేను సూచించునది చిన్నది. ప్రతి మూఁడు నెలలకు ఒకసారి, ఆ వార్డు సభ్యుని బడికి ఆహ్వానింతము. పూలదండలు వలదు, స్వాగతగీతము వలదు. పిల్లలు ముందుగా తమ వీధులు తిరిగి చూచి, ప్రశ్నలు వ్రాసికొని వత్తురు. ఆయన చెప్పిన జవాబులను పై తరగతివారు పెద్ద కాగితముపై రెండు వరుసలుగా, అయినవి యొకప్రక్క, కానివి యొకప్రక్క, వ్రాసి బడి వాకిటనున్న పలకకు అంటింతురు. కానివాని యెదుట కారణము వ్రాయుటకు కొంత చోటు విడువవలెను. కుళాయి వేళలు అన్నిటికంటె పైన, దారిని పోవువారికి కూడ కనఁబడునట్లు, లావుపాటి యక్షరములతో నుండవలెను.